టీచరమ్మ రెండు పేర్లు: పాలమూరు క్రైస్తవ దళిత ఉపాధ్యాయిని జీవితం చెప్పే చరిత్ర

షాద్‌నగర్ చరిత్ర అనగానే మనకు మూడు సంగతులు చెప్తారు. ఒకటి, ఈ ఊరి పేరు నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ కలం పేరు 'షాద్' మీద వచ్చిందని. రెండు, హైదరాబాద్ రాష్ట్రానికి 1952 నుంచి 1956 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరైన బూర్గుల ఇక్కడికి దగ్గరి ఊరేనని. మూడు, 1959 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను నెహ్రూ ఇక్కడికే వచ్చి ప్రారంభించాడని. ఒక మహారాజు, ఒక ముఖ్యమంత్రి, ఒక ప్రధానమంత్రి. ఊరి చరిత్ర అక్కడితో అయిపోతుంది.

ఊరి చరిత్ర అయిపోయిన చోటనే వాడ చరిత్ర మొదలవుతుంది. మా వైపు మాల, మాదిగ వాడల్లోకి అక్షరం ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు? పెద్దమనుషులను అడిగితే చాలాచోట్ల ఒకే తీరు జవాబు వస్తుంది: "మాకు టీచరమ్మ చెప్పింది." ఆ టీచరమ్మ ఎవరంటే, మిషన్ బోర్డింగులో చదువుకున్న మాదిగ ఆడమనిషో, మాల ఆడమనిషో. తెల్లచీర, సంకలో బైబిలు, చేతిలో బెత్తం. పొద్దున బడి, సాయంత్రం ప్రార్థన, రాత్రి మనవలు, మనవరాళ్లు. ఆమె ఏ పుస్తకంలోనూ లేదు. మిషన్ రిపోర్టుల్లో ఒక లెక్కగా ఉంటది, సర్కారు రికార్డులో ఇంకో పేరుతో ఉంటది, మన ఉద్యమ చరిత్రలో అసలే లేదు.

నాకు అ ఆలు దిద్దించింది అట్లాంటి ఒక టీచరమ్మే. అప్పటికే ఆమె రిటైరైంది. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వాడ పిల్లలందరికీ చెప్పేది. మా ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఆ గడప కన్నా ముందు ఆ అరుగు ఉంది. ఆమె పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. ఎందుకు రాయలేకపోతున్నానో చివరికి మీకే తెలుస్తుంది. ఈ వ్యాసం విషయం కూడా అదే.

మిషన్ బడి మన వైపు ఎట్లా వచ్చింది?

పాలమూరుకు క్రైస్తవ మిషన్ సముద్రం దిక్కు నుంచి వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదట నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసింది. ఒంగోలులో అది ప్రజా ఉద్యమంగా మారడానికి కారణం దొరలు కాదు, మాదిగలు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య నాగమ్మ ముందు నమ్మారు. తోలు వ్యాపారం మీద ఊరూరా తిరిగే చుట్టరికాల దారిలోనే ఆ మాట పాకింది. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. పేరయ్య పేరు కొందరికి తెలుసు. నాగమ్మ పేరు ఎంతమందికి తెలుసు?

ఇంకా వెనక్కి పోతే, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు ప్రార్థన చేశారని బాప్టిస్టు చరిత్రకారులంతా రాస్తారు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు: జూలియా, రూతు. అంటే తెలుగు బాప్టిస్టు సంఘం తన పుట్టుకగా చెప్పుకునే గడియలోనే మన ఆడవాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లు 'బైబిలు స్త్రీలు' అనే పేరు కింద కలిసిపోయారు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, అక్షరాలు చెప్పడం వాళ్ల పని. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెచ్చిన పుస్తకం ఈ తెలుగు బైబిలు స్త్రీల మీదనే. అంతకుముందు నూరేళ్ల మిషన్ చరిత్రల్లో వాళ్లు దొరసానుల సాయకులు మాత్రమే.

ఈ బాప్టిస్టులే 1885లో పాలమూరులో మిషన్ పెట్టారు. 1890లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టాడు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నాగర్‌కర్నూల్, శంషాబాద్, వనపర్తి, కల్వకుర్తి, దేవరకొండల్లో వాళ్ల కాంపౌండ్లు లేచాయి. 1937లో బాప్టిస్టుల చేతిలో ఉన్న పాలమూరు పని కూడా మెన్నొనైట్ల చేతికి వచ్చింది. షాద్‌నగర్ ఇటు శంషాబాద్‌కు, అటు జడ్చర్లకు, పాలమూరుకు నడుమ ఉంది. రెండు దిక్కుల నుంచీ ఆ గాలి తగిలింది.

ఆనాటి నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. చదువు పట్నాలకే పరిమితం. ఊళ్లో బడి ఉన్నా అది ఊరి పిల్లలకే, వాడ పిల్లలకు కాదు. హైదరాబాద్ పట్నంలో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1910 నుంచి అంటరాని పిల్లలకు బడులు తెరిచాడు. అది మన సొంత ఉద్యమం, దాని విలువ వేరు. కానీ ఆ బడులు పట్నం దాటి పాలమూరు పల్లెల దాకా రాలేదు. పల్లెలో వాడ నడిమధ్యకు వచ్చిన మొదటి బడి మిషన్ బడే. వాడకే రావడం వల్ల వాడ పిల్లలు ఊరి పిల్లల వెనక, బడి బయట కూర్చునే బాధ తప్పింది.

భక్తి అంటే ఏంది?

మన ఉద్యమకారులు చాలామంది క్రైస్తవ ఆడవాళ్ల భక్తిని చూసి నవ్వుతారు. "ఎప్పుడూ ప్రార్థనలే, పోరాటం లేదు" అంటారు. ఈ మాట అనేముందు ఆ భక్తిలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టి చూడాలి.

ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం తీసుకునే మాదిగలకు మూడు షరతులు పెట్టారు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి చూస్తే ఇవి మత నియమాలు. కింద నుంచి చూస్తే ఒక్కొక్కటీ ఊరి కట్టుబాటు మీద దెబ్బ. ఆదివారం పనికి రానంటే, వెట్టివానికి వారంలో ఒక రోజు తనది అయింది. పిలిచినప్పుడల్లా పోవాల్సిన మనిషి, "ఇయ్యాల రాను" అనే మాట మొదటిసారి నేర్చుకున్నాడు. చచ్చిన గొడ్డు వద్దంటే, గొడ్డును ఈడ్చే వెట్టి మీదనే ప్రశ్న లేచింది. విగ్రహానికి మొక్కనంటే, జాతరలో డప్పు కొట్టే బాధ్యత వద్దన్నట్టు అయింది. అందుకే ఊరి పెద్దలు బావుల దగ్గర అడ్డుకున్నారు, పని బంద్ చేశారు, కొట్టారు. దొర ఏ దేవునికి మొక్కుతున్నావని పట్టించుకోడు. పనికి ఎందుకు రాలేదని పట్టించుకుంటాడు.

ఇక చదువు. బాప్టిస్టులు, మెన్నొనైట్లు ఇద్దరూ వాక్యాన్ని ఎవరికి వాళ్లు చదవాలనే సంప్రదాయం వాళ్లు. పూజారి చదివితే వినే మతం కాదది. నమ్మిన మనిషి చదవాలి. చదవాలంటే బడి కావాలి. బడికి పంతులు కావాలి. ఆడవాళ్లకు చెప్పడానికి ఆడ పంతులు కావాలి. వేదం వింటే చెవుల్లో సీసం పోయాలన్న దేశంలో, మాదిగ ఆడపిల్ల చేతిలో దేవుని గ్రంథం పెట్టి 'చదువు' అన్నారు. టీచరమ్మ భక్తి ఇక్కడి నుంచి వచ్చింది. ఆమెకు బైబిలు చదవడం, చదువు రావడం రెండు వేర్వేరు సంగతులు కావు. అదే పుస్తకం, అదే అక్షరం.

దీంట్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మిషన్ డప్పును పాపం అన్నది. వీధి భాగోతాన్ని, మన పాటల్ని దయ్యం పనులన్నది. జి.కళ్యాణరావు 2000లో తెచ్చిన 'అంటరాని వసంతం' నవల రూతు అనే ముసలామె జ్ఞాపకాలుగా నడుస్తుంది. చదువుతో పాటు ఏం పోగొట్టుకున్నామో ఆ నవల అడుగుతుంది. దొరల కాంపౌండులో పెద్ద జీతం దొరదే. స్థానిక టీచరమ్మకు ఇచ్చింది చాలా తక్కువ. ఇంకో పెద్ద లోపం, సంఘంలో కులం పోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని గుళ్లు వేరైన ఊళ్లున్నాయి. పెళ్లిళ్లు ఈనాటికీ కులం చూసే జరుగుతున్నాయి. "క్రీస్తులో అందరూ ఒకటే" అని పాడిన నోటితోనే "వాళ్లింట్ల పిల్లనియ్యం" అన్నారు. టీచరమ్మ కూడా దీనికి అతీతురాలు కాదు. ఆమెను దేవతను చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆమె చేసిన పనిని పని అని గుర్తించమనే అడుగుతున్నాను.

బోర్డింగు నుంచి సమితి బడికి

మా టీచరమ్మ తరం వాళ్లు 1930లల్లో పుట్టినవాళ్లు. ఊళ్లో మిషన్ బడిలో రెండు మూడు తరగతులు చదివినంక చురుకైన పిల్లలను కాంపౌండులోని బోర్డింగుకు పంపేవాళ్లు. మగపిల్లవాణ్ణి పంపడానికే తండ్రి వెనకాడే రోజులు. ఆడపిల్లను పంపడమంటే ఇంట్ల తమ్ముణ్ణి ఎత్తుకునే చెయ్యి పోవడం, కూలికి పోయే చెయ్యి పోవడం. అయినా పంపారు. కరువుకు కడుపు నిండుతుందని కొందరు, పటేలు కంట పడకుండా ఉంటుందని కొందరు, పాస్టరు మాట కాదనలేక కొందరు.

బోర్డింగులో పొద్దున గంట కొడితే లేవడం, ప్రార్థన, వంట పని, తోట పని, బడి, మళ్లీ ప్రార్థన. ఆ గంట గురించి మా టీచరమ్మ చెప్పేది: "బిడ్డా, దొర పిలిస్తే లేచిన మా అయ్య. గంట కొడితే లేచిన నేను. గంట అందరికీ ఒక్కటే కొడ్తది." ఇంతకన్నా బాగా ఆధునికత గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు.

ఏడో తరగతి, తర్వాత టీచర్ ట్రైనింగు. ఆడపిల్లలకు దొరికిన దారులు మూడే: టీచరు, నర్సు, పాస్టరు భార్య. డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ అనే మిషనరీ 1907లో వచ్చి 1945లో చనిపోయేదాకా వైద్యం చేసింది. ఒక ఆడమనిషి పెళ్లి చేసుకోకుండా, డాక్టరుగా, తన కాళ్ల మీద నిలబడడం వాడ పిల్లలు కళ్లారా చూశారు. ఆమె పేరు మిషన్ చరిత్రలో ఉంది. ఆమె పక్కన నిలబడి రోగులకు తెలుగులో చెప్పిన ఆడవాళ్ల పేర్లు వెతికితే దొరకవు.

1948లో పోలీసు చర్య, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు. తర్వాత 1959. నెహ్రూ షాద్‌నగర్‌కు వచ్చిన సభ గురించి ఊరి పెద్దలు గొప్పగా చెప్తారు. వాడకు ఆ సభ తెచ్చిన అసలు మార్పు వేరే ఉంది. పంచాయతీ సమితుల చట్టం కింద ప్రాథమిక బడులు సమితుల చేతికి వచ్చాయి. బడులు పెరిగాయి, పంతుళ్లు కావాల్సి వచ్చింది. ట్రైనింగు అయిన ఆడ టీచర్లు పాలమూరు జిల్లాలో ఎక్కడున్నారు? మిషన్ బోర్డింగుల్లో చదివినవాళ్లలోనే ఎక్కువ దొరికారు. అట్లా మాదిగ టీచరమ్మ వాడ బడి దాటి ఊరి బడికి వచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. వాడ బడిలో ఆమె వాడ పిల్లలకే టీచరు. సమితి బడిలో రెడ్డి పిల్లలకు, కోమటి పిల్లలకు కూడా టీచరు. ఊరి బావిలో నీళ్లు ముట్టనియ్యని మనిషి ఊరి పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దిస్తుంది. చాలా ఊళ్లల్లో ఆమెకు అద్దెకు ఇల్లు దొరకలేదు, వాడలోనే ఉండి నడిచిపోయేది. బడిలో కుండ వేరే పెట్టేవాళ్లు. "టీచరమ్మా" అని పిలిచేవాళ్లు, వెనక నుంచి కులం పేరు పెట్టి పిలిచేవాళ్లు. అయినా నెలకు ఒకసారి సంతకం పెట్టి జీతం తీసుకున్న మొదటి మాదిగ ఆడమనిషి ఆమెనే. వాడలో అందరివీ వేలిముద్రలైతే, ఆమెది సంతకం. వాడలోకి వచ్చిన ప్రతి కాగితం, కోర్టు నోటీసైనా, బొంబాయి నుంచి వచ్చిన ఉత్తరమైనా, ముందు ఆమె అరుగు మీదకే వచ్చేది.

అవ్వ పని కూడా పనే

ఇప్పుడు ఆమె నాయనమ్మ, అమ్మమ్మ పాత్ర దగ్గరికి వద్దాం. మనవల మీద ప్రేమ ప్రతి ముసలామెకూ ఉంటుంది కదా, దాంట్ల చరిత్ర ఏముంది అనొచ్చు. పాలమూరులో ఉంది.

పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాల్వలు, రోడ్లు ఎక్కడ కడితే అక్కడ మన మట్టి పని. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపులు గుంపులుగా తీసుకుపోతాడు. ఎనిమిది తొమ్మిది నెలలు తల్లీ తండ్రీ ఊళ్లో ఉండరు. పిల్లలను వెంట తీసుకుపోతే బడి పోతుంది, గుడారం కాడ చిన్న పిల్లను ఎత్తుకునే పని పడుతుంది. విడిచిపెడితే ఎవరి దగ్గర విడవాలి? అవ్వ దగ్గర. అంటే వలస మీద నడిచే ఈ ఆర్థిక వ్యవస్థకు అవ్వలే పునాది. కాంట్రాక్టరు లెక్కల్లో అవ్వ కూలి ఎక్కడా ఉండదు.

అవ్వ తిండికే లేని మనిషి అయితే పిల్లగాడు ఏమవుతాడు? పటేలు ఇంట్ల జీతం ఉంటాడు. వెట్టి చాకిరిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చినా, బర్ల కాడ పిల్లలు జీతం ఉండడం ఆ తర్వాత కూడా చాలా ఏండ్లు సాగింది. అవ్వ టీచరమ్మ అయితే? నెల జీతమో, పింఛనో ఉంటుంది. పిల్లగాడు బడికి పోతాడు. తన మనవలే కాదు, పక్కింటి వలస పిల్లలు కూడా ఆమె అరుగు మీదనే తిని, ఆమె అరుగు మీదనే చదివేవాళ్లు. "బర్లు కాయవోతే బర్లే తెలుస్తయి. కూసో, ఎక్కాలు చెప్పు" అనేది. 2011 జనాభా లెక్కల్లో కూడా పాలమూరు జిల్లాలో చదువొచ్చినవాళ్లు 55 శాతమే. ఆడవాళ్లల్లో సగం కూడా లేరు. ఆ లెక్కలో మన వాడ నుంచి ఎక్కిన పేర్ల వెనక ఎన్ని అరుగులున్నాయో ఎవరు లెక్కపెట్టారు?

ఈ సంగతి పాలమూరుకే పరిమితం కాదని చెప్పడానికి అందరికీ తెలిసిన ఒక కుటుంబాన్ని చూద్దాం. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో తెచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' పుస్తకం కృష్ణా జిల్లా మాల క్రైస్తవ కుటుంబం కథ. కెనడా బాప్టిస్టు మిషనరీల దగ్గర చదువుకున్న ప్రసన్నరావు, మరియమ్మ దంపతులిద్దరూ టీచర్లు. మరియమ్మ చిన్న వయసులోనే చనిపోయింది. ప్రసన్నరావు పిల్లలను విడిచి దూరం పోయాడు. సత్యం, కేరీ, మంజుల అనే ముగ్గురు పిల్లలను పెంచింది మార్తమ్మ అనే అవ్వ. ఆ సత్యమే కె.జి.సత్యమూర్తి, మన శివసాగర్. 1931లో పుట్టి, 2012లో చనిపోయిన కవి. 1980లో పీపుల్స్ వార్ స్థాపించినవాళ్లలో ఒకడు. తర్వాత కులం ప్రశ్న మీద ఆ పార్టీనే నిలదీసినవాడు. చెల్లెలు మంజుల కాలేజీ లెక్చరర్ అయింది. ఆమె కూతురే పుస్తకం రాసిన సుజాత.

శివసాగర్ మీద ఎన్నో సభలు పెట్టుకున్నాం, ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. మార్తమ్మ లేకపోతే శివసాగర్ ఎక్కడ? ఈ ప్రశ్న ఆ సభల్లో ఎవరైనా వేశారా? మన విప్లవాల వెనక ఒక భక్తురాలైన అవ్వ ఉందని ఒప్పుకోవడానికి మనకు మొహమాటం.

రెండు పేర్లు

ఇక అసలు ముడి దగ్గరికి వచ్చాం. మా వైపు టీచరమ్మలకు రెండు పేర్లుంటాయి. సంఘం పుస్తకంలో బైబిలు పేరు. సర్వీసు రిజిస్టరులో ఎల్లమ్మో, పోచమ్మో, లక్ష్మమ్మో. మిషన్ బడిలో పనిచేసినన్ని రోజులు ఒక పేరే నడిచింది. సమితి ఉద్యోగంలో కాలమ్ నింపాల్సి వచ్చింది: మతం, కులం. ఆ రెండు గళ్ల మధ్య ఆమె బతుకంతా ఇరుక్కుపోయింది.

చట్టం ఏం చెప్తుందో విద్యార్థుల కోసం వివరంగా చెప్తాను. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఇచ్చాడు. దాంట్ల మూడో పేరా ప్రకారం హిందూ మతం కాని వేరే మతంలో ఉన్నవాళ్లు షెడ్యూల్డ్ కులం కిందికి రారు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను దాంట్ల చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు.

మన రాష్ట్రంలో అనంతరామన్ కమిషన్ నివేదిక తర్వాత 1970లో వెనకబడిన తరగతుల పట్టీ తయారైంది. దాంట్ల 'సి' గ్రూపు మొత్తం ఒక్క పద్దే: షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం. వాళ్లకు ఒక శాతం. అంటే సర్కారు రాతపూర్వకంగా రెండు మాటలు ఒప్పుకున్నది. ఒకటి, ఈ మనుషులు షెడ్యూల్డ్ కులాల వాళ్లే. రెండు, మతం మారినా వెనకబాటు పోలేదు. ఈ రెండూ ఒప్పుకుని కూడా షెడ్యూల్డ్ కులాల వాటా నుంచి తీసి ఒక శాతంలో పెట్టింది. 1977లో జి.ఓ. 341 ద్వారా స్కాలర్‌షిప్పుల వంటి చట్టబద్ధం కాని సౌకర్యాలు మాత్రం ఇచ్చారు. ఉద్యోగాల్లో, చట్టసభల్లో రిజర్వేషన్, 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ దాని కిందికి రావు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరాను పూర్తిగా తీసెయ్యాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023లో మళ్లీ ఒకసారి, క్రైస్తవ దళితులను షెడ్యూల్డ్ కులాల్లో చేర్చాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది, తర్వాత దాని గడువు పొడిగించింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తమిళ ప్రాంతపు కేసులో, చర్చికి పోతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగం మీద మోసమన్నది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారిన మనిషి అత్యాచారాల చట్టం కింద ఫిర్యాదు చెయ్యలేడని తీర్పు చెప్పింది.

కోర్టు మోసం అన్నది. మోసం ఎవరు చేశారు? మా టీచరమ్మ బాప్తిస్మం తీసుకుంటే ఊరి హోటల్లో రెండో గ్లాసు పోయిందా? ఊరి బడిలో వేరే కుండ పోయిందా? ఆమెను కొట్టాలనుకున్నవాడు "నువ్వు క్రైస్తవురాలివా, హిందువువా?" అని అడిగి కొట్టడు. కొట్టేటప్పుడు ఆమె మాదిగ. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మాత్రం క్రైస్తవురాలు. ఇది ఒక మనిషి ఆడిన అబద్ధం కాదు. కులం హిందూ మతంలోనే ఉంటుందని కాగితం మీద రాసుకున్న అబద్ధం.

నేను సర్టిఫికెట్ కోసం పోయినప్పుడు ఒక ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న కులం గురించి కాదు. "మీ ఇంట్ల బైబిలు ఉన్నదా?" అని. ఏ పుస్తకం వల్ల నా చేతికి కలం వచ్చిందో, ఆ పుస్తకం ఇంట్ల ఉందని చెప్తే కలం పట్టే హక్కు పోతుంది. ఆ గదిలో నిలబడి నేను తల దించుకున్నాను. ఆ క్షణం టీచరమ్మ గుర్తుకొచ్చింది. ముప్పై ఏండ్ల పైన సర్వీసులో ఆమె ఎన్నిసార్లు ఇట్లా తల దించుకుని ఉంటది? ఆదివారం తల ఎత్తి పాడి, సోమవారం రిజిస్టరులో తల దించి సంతకం పెట్టి ఉంటది.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, ఆమె పేరు నేను ఎందుకు రాయలేదో. ఆమె సంఘం పేరు రాసి, ఆమె భక్తిని మెచ్చుకుని, ఆమె ఊరు చెప్తే, రేపు ఆమె మనవల సర్టిఫికెట్ల మీద ఎవరో అర్జీ పెడతారు. రిజిస్టరు పేరు రాస్తే, ఆమె బతుకంతా నిలబడ్డ విశ్వాసాన్ని నేను అబద్ధం చేసినట్టు. రెండు పేర్లున్న మనిషిని ఒక్క పేరుతోనూ పిలవలేని స్థితి ఇది. మన చరిత్రలో ఆమె లేకపోవడానికి మన మరుపు ఒక కారణం, ఈ చట్టం ఇంకో కారణం. భయం వల్ల కూడా చరిత్ర ఖాళీ అవుతుంది.

మనం ఏం చెయ్యాలి?

ఒక సంగతి గమనించండి. 1985 జులైలో కారంచేడులో చెరువు కాడ నీళ్ల కోసం బిందె ఎత్తి ఎదిరించిన ఆమె పేరు మున్నంగి సువార్తమ్మ. ఆ కేసులో సాక్షిగా నిలబడి, హత్యకు గురైన ఆమె పేరు దుడ్డు అలీసమ్మ. సువార్త అనేది బైబిలు మాట. అలీసమ్మ కూడా అట్లాంటి పేరే. మన దళిత మహాసభ, మన సాహిత్యం, ఈ పత్రిక లాంటి పత్రికలు అన్నీ ఆ చెరువు గట్టు నుంచి మొదలైనయని చెప్పుకుంటాం. ఆ గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పుకోం. మన ఉద్యమం మిషన్ బడికి, టీచరమ్మకు, అవ్వకు అప్పు ఉంది.

అందుకే ఈ వ్యాసం చదివే టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు నేను మూడు పనులు చెప్తున్నాను. మొదటిది, మీ మీ ఊళ్లల్లో బతికున్న టీచరమ్మల దగ్గరికి పోండి. ఎనభై, తొంభై ఏండ్ల మీద ఉన్నారు. బోర్డింగు సంగతులు, మొదటి జీతం సంగతులు, వలస పిల్లలను సాకిన సంగతులు రాసుకోండి. పేర్లు దాచండి, మాటలు దాచకండి. రెండోది, సంఘం రిజిస్టర్లు, బాప్తిస్మపు పుస్తకాలు, మిషన్ బడి హాజరు పట్టీలు చెదలు పట్టిపోకముందే కాపాడమని పాస్టర్లను అడగండి. మన వాడల చరిత్రకు అంత పాత రాత ఇంకోటి లేదు. మూడోది, 1950 ఉత్తర్వు మూడో పేరా మీద పోరాటం క్రైస్తవుల సొంత గొడవ అనుకోకండి. మతం మారితే కులం పోతుందని చట్టం అంటున్నంత కాలం, కులం హిందూ మతం ఇంటి సొంత విషయంగానే మిగులుతుంది. దానివల్ల నష్టం దళితులందరికీ. మాల, మాదిగ అనే తేడా పెట్టుకుని ఈ ప్రశ్నను పక్కన పెడితే, సంఘంలో గుళ్లు వేరైనట్టే ఉద్యమం కూడా వేరైపోతుంది.

మా టీచరమ్మ ఇప్పుడు లేదు. ఆమె సమాధి మీద సంఘం పేరే చెక్కారు. అక్కడ ఏ ఆఫీసరూ వచ్చి అడగడు. ఆమె సర్వీసు రిజిస్టరు ఏదో బీరువాలో ఇంకో పేరుతో ఉంది. రెండు చోట్లా చేతిరాత మాత్రం ఒక్కటే అయి ఉండాలి, ఎందుకంటే ఆమె బైబిలు మొదటి పేజీలో ఉన్న సంతకం నేను చూశాను. గుండ్రంగా, తలకట్టు తప్పకుండా, బోర్డింగులో నేర్పిన రాత. అదే రాతతో ఆమె నాకు 'అ' దిద్దించింది. ఈ వ్యాసం రాసిన చెయ్యి ఆ చేతి కింద తిరిగిన చెయ్యే.